రోడ్డు దాకా రైలు

మా ఊరికి కొత్తగా వచ్చే చుట్టాలు ఒక్కసారైనా తికమకపడతారు. టికెట్టు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. స్టేషను బోర్డు మీదా అదే పేరు. తీరా దిగి చూస్తే అక్కడుండేది శ్రీకాకుళం కాదు, ఆమదాలవలస! అసలు శ్రీకాకుళం చేరాలంటే ఇంకా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవాల్సిందే. రైలు రోడ్డు దాకా తెస్తుంది. అక్కణ్ణించి ఇంటికి చేరడం మన తిప్పలు.

ఈ సంగతి పోయిన సంక్రాంతికి మా అమ్మాయితో మాటల్లో వచ్చింది. అది హైదరాబాదులో కంప్యూటర్లలో పరిశోధన చేస్తోంది. మనం తెలుగులో మాట్లాడితే యంత్రం విని అక్షరాల్లో రాయాలట. “నా పేపరు అచ్చయిందమ్మా. ఇహ దాన్ని వాడుకోవడం కంపెనీల వాళ్ళ తలనొప్పి” అంది, అరిసె కొరుకుతూ.

“అయితే నువ్వు శ్రీకాకుళం రోడ్డులో దిగావన్నమాట” అన్నాను. దానికి అర్థం కాలేదు. అప్పుడు వాళ్ళ మామ్మ ఓటు కథ చెప్పాను. మీకూ చెబుతాను, వినండి.

మా అత్తగారికి అక్షరం ముక్క రాదు గానీ, ఏ ఎన్నికా తప్పించిన మనిషి కాదు. ఓటేసి వచ్చాక మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడిందేమో, కాగితం మడతపెట్టినప్పుడు సిరా అవతలి గుర్తుకి అంటుకుందేమో అని బెంగ. “సెల్లకపోతే నానెల్లి ఏటి లాబమే?” అని నన్నడిగేది, లెక్కపెట్టేది నేనే అయినట్టు.

2004లో లోక్‌సభకీ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నికలొచ్చాయి. బడిలో కాగితాలకు బదులు యంత్రాలు పెట్టారు. ఆవిడ వాటిని చూడడం అదే మొదలు. “ముద్దర నేదు, కాయితం నేదు, ఇదేటి ఓటే!” అని గొణుక్కుంటూనే లోపలికి వెళ్ళింది. గుర్తు పక్కన మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది, కుయ్యిమని చప్పుడైంది. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, “నా ఓటు పలికిందే!” అంది. ఆ పూట రెండోసారి పులుసు వేయించుకుని మరీ తింది.

ఆ చప్పుడు వెనక ఎంత చరిత్ర ఉందో నాకు తరవాత్తరవాత తెలిసింది.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పైచదువు చదివి, తిరిగొచ్చి హోమీ భాభాగారి దగ్గర టాటా పరిశోధన సంస్థలో చేరారు. పరిశోధనకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఎన్నాళ్ళని బయటి దేశాల నుంచి తెచ్చుకుంటాం, మనమే చేసుకుందాం అన్నది వాళ్ళ పట్టుదల. అలా ప్రయోగశాలలో కుదిరిన పనితనం 1967లో హైదరాబాదులో కర్మాగారమై కూర్చుంది. అదే ఇసిఐఎల్. రావుగారే దాన్ని నడిపించారు. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టిడిసి–12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది. దాన్ని తయారుచేసి అమ్మింది ఈ ఇసిఐఎలే. ఒకప్పుడు ముందు గదిలో కుట్టుగుడ్డ కప్పుకుని కూర్చున్న ఇసి టీవీ గుర్తుందా? అదీ వీళ్ళదే.

1977లో ఎన్నికల ప్రధాన కమిషనరు షక్‌దర్‌గారు ఓట్లు వేయడానికి ఏదైనా యంత్రం చేయగలరేమో చూడమని వీళ్ళనే అడిగారు. 1979కి నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాలకు చూపించారు. తరవాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా కలిసింది. అక్కడ ఈ పనిలో ముందున్న ఇంజనీరు రంగరాజన్‌గారు. ఆయనే ‘సుజాత’ పేరుతో కథలూ నవలలూ రాసిన తమిళ రచయిత!

1982 మేలో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాల్లో యంత్రం పెట్టారు. యంత్రం పనిచేసింది. గెలిచినాయన 123 ఓట్లతో గెలిచాడు. ఓడినాయన కోర్టుకెక్కాడు. చట్టంలో ఉన్నది బ్యాలెట్ కాగితమే గాని యంత్రం కాదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ యాభై చోట్లా మళ్ళీ కాగితాల మీద ఓట్లు వేయించారు. ఈసారి ఫలితం తిరగబడింది! చూశారా, రైలు రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. 1988లో చట్టం మార్చారు, 1989 మార్చి నుంచి అది అమల్లోకొచ్చింది. 1990లో ఐఐటీ ఆచార్యులు ఇందిరేశన్‌గారు ఉన్న నిపుణుల సంఘం యంత్రాన్ని పరీక్షించి సరే అంది. అయినా దేశంలోని 543 లోక్‌సభ స్థానాలకూ చేరడానికి 2004 దాకా పట్టింది. అడిగిన నాటి నుంచి ఇరవై ఏడేళ్ళు!

అన్నేళ్ళూ వృథా పోలేదు సుమండీ. కరెంటు లేని పల్లెలో ఎలా? బ్యాటరీ పెట్టారు. గూండాలు బూతులో దూరి టకటకా నొక్కేస్తే? నిమిషానికి అయిదు ఓట్లకు మించి తీసుకోకుండా కట్టడి చేశారు. చదువురాని వాళ్ళెలా? గుర్తు పక్కనే మీట, మీట పక్కనే దీపం. బొంబాయి ఐఐటీలో డిజైను చెప్పే ఆచార్యులు ఏ.జి. రావు, రవి పూవయ్యగార్లు ఆ రూపం దిద్దారు. కళ్ళు లేని వాళ్ళ కోసం బ్రెయిలీ అంకెలు 2004లో మన హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలోనే పెట్టి చూశారు. “నా ఓటు అనుకున్నవాడికే పడిందని నమ్మకమేమిటి?” అని జనం అడిగితే, 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో గాజు వెనక చీటీ కనిపించే పెట్టె మొదలుపెట్టారు. 2019కి అది దేశమంతా వచ్చింది. అనుమానాలు ఇంకా ఉన్నాయి. ఉండనివ్వండి. అడిగేవాళ్ళు ఉండబట్టే కదా ఆ చీటీ వచ్చింది!

ఇదంతా విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

“నీ యంత్రానికి మామ్మ మాట అర్థమవుతుందా?” అని అడిగాను.

“ఎందుకవదూ!” అంటూ ఉత్సాహంగా కంప్యూటరు తెరిచింది. నేను మా అత్తగారి ధోరణిలో “ఏటే, కూర నేదా ఇంట్లో?” అన్నాను. తెర మీద ఏదో వచ్చింది గానీ అది కూరా కాదు, ఇల్లూ కాదు. అందరం నవ్వాం. అది మాత్రం నవ్వలేదు.

“మేం వినిపించినవన్నీ వార్తలు చదివే వాళ్ళ గొంతులేనమ్మా” అంది నెమ్మదిగా.

కనుమ మర్నాడు దాని ప్రయాణం. ఆ ఉదయం లేచి చూస్తే మంచం ఖాళీ. కూరల బజారులో వంకాయల గంపల మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చుందట. ఒక ముసలమ్మ బేరమాడుతుంటే, అడిగి మరీ ఆ మాటలు ఫోనులో ఎక్కించుకుంటోందట. చూసొచ్చిన మావారు చెప్పారు.

“ఇవాళ రైలెక్కుతుందా?” అన్నారు.

“టికెట్టు మార్చుకుందిట” అన్నాను.