పాత బుల్లెట్, కాంటెస్సా ఉందా? ఖరీదైన ఆయిల్ పోసే ముందు ఇది చూడండి

ఆదివారం పొద్దున్నే మేడ్చల్ హైవే మీదో, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీదో పాత బుల్లెట్ల డుగ్‌డుగ్ చప్పుడు మామూలే. బండికి మంచి చేద్దామని కొందరు కొత్త కార్లకు వాడే పల్చటి సింథటిక్ ఆయిల్ పోసేస్తుంటారు. ఇక్కడే తేడా కొడుతుంది.

అసలు సమస్య ఏంటంటే..

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్, అంబాసిడర్, పద్మిని ఇంజిన్లలో క్యామ్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. మధ్యలో రోలర్ ఉండదు. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర పల్చబడుతుంది. అప్పుడు కాపాడేది జడ్‌డీడీపీ, అంటే జింక్, ఫాస్ఫరస్ ఉన్న రసాయనం. వేడికి, ఒత్తిడికి ఇది లోహం మీద సన్నటి రక్షణ పొరలా అంటుకుంటుంది. క్యామ్ మార్చి, గట్టి వాల్వ్ స్ప్రింగులు వేయించిన బండికి ఇది ఇంకా అవసరం.

మరి కొత్త ఆయిల్‌లో ఎందుకు తగ్గించారు?

ఫాస్ఫరస్ కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. అందుకే ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకు ఫాస్ఫరస్ 0.06 నుంచి 0.08 శాతమే ఉండాలి. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్లకు ఈ గరిష్ఠ పరిమితి లేదు.

డబ్బా మీద ఏం చూడాలి?

* గ్రేడ్: ముందు మాన్యువల్ చూడండి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన దగ్గర పాత ఇంజిన్లకు సాధారణంగా 20డబ్ల్యూ-50 సరిపోతుంది.
* జాసో ఎంఏ, ఎంఏ2: బైక్ ఆయిల్ డబ్బాల మీద ఉండే గుర్తు. వీటిలో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం ఉంటుంది. క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తిరిగే బైక్‌లకు ఇదే వాడాలి, లేదంటే క్లచ్ జారుతుంది.
* డేటా షీట్: కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికితే ఫాస్ఫరస్ ఎంతో చూసుకోండి. 1000 పీపీఎం అంటే 0.1 శాతం.

పాత బుల్లెట్‌లో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్‌లకు ఆయిల్ వేర్వేరు. ఒకటే డబ్బా అన్నింట్లో పోయొద్దు.

ఆర్ఎక్స్ 100 వాళ్లు కంగారు పడక్కర్లేదు

అది టూ స్ట్రోక్. క్యామ్‌షాఫ్టే ఉండదు, కాబట్టి ఈ గొడవ లేదు. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తున్న 2టీ ఆయిల్ వాడితే చాలు.

ఈ తప్పులు చేయొద్దు

* జింక్ ఎక్కువైతే ఇంకా మంచిదని విడిగా సీసాలు కొని కలపొద్దు. మోతాదు మించితే లోహాన్ని తినేసే ప్రమాదం ఉంది.
* కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోయాలి.
* సీల్ సరిగా లేని డబ్బా తీసుకోవద్దు. బిల్లు అడగండి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పడేస్తే నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు అది పనికిరాదు.

అరిగిపోతోందని ఎలా తెలుస్తుంది?

ట్యాపెట్ గ్యాప్ సెట్ చేసిన కొద్ది రోజులకే మళ్లీ టక్ టక్ వస్తుంటే, పికప్ తగ్గితే, తీసిన ఆయిల్‌లో మెరిసే పొడి కనిపిస్తే వెంటనే మెకానిక్‌కు చూపించండి. కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది. అలాంటి బండికి క్యామ్ వెతకడం కంటే సరైన ఆయిల్ డబ్బా కొనడమే తేలిక, చవక!