పేరు చెప్పని ఇల్లాలు



మన పెళ్ళిళ్ళలో ఒక ముచ్చట ఉంది. కొత్త దంపతులు గుమ్మం దాటబోతుంటే ఆడపడుచులు అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వరు. ఆనాడు నలుగురి నవ్వుల మధ్య పలికిన భర్త పేరును పాతకాలపు ఇల్లాలు ఆ తరువాత నోట పలికేది కాదు. ‘మా ఆయన’, ‘పిల్లల నాన్న’ అన్న మాటలతోనే సంసారం గడిచిపోయేది.

ఈ ఆచారానికి మన దేశపు చట్టంలో కూడా చోటు దొరికింది. జనాభా లెక్కల చట్టం 1948లో వచ్చింది. లెక్కలకు వచ్చిన ఉద్యోగి అడిగిన ప్రశ్నకు, తెలిసినంతవరకు నిజం చెప్పడం ప్రతివారి విధి అని దాని 8వ సెక్షను అంటుంది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది. ఇంటి ఆడవారి పేర్లు చెప్పి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. భర్త పేరుగాని, మరణించిన భర్త పేరుగాని, ఆచారం ప్రకారం పలకకూడని మరెవరి పేరుగాని చెప్పమని ఏ స్త్రీనీ బలవంతపెట్టరాదు. ఇంతటి మర్యాద ప్రభుత్వపు కాగితాలలో అరుదుగా కనిపిస్తుంది.

జనాభా లెక్కలకు ఆ ఉదారత చెల్లింది. వాటికి కావలసింది మొత్తాలు. ఎంతమంది స్త్రీలు, వారి వయస్సెంత, చదువెంత, మాట్లాడే భాష ఏది అన్నవి తెలిస్తే చాలు. పైగా అదే చట్టం 15వ సెక్షను ప్రకారం ఇంటింటి వివరాలు రాసుకున్న కాగితాలను చూసే హక్కు బయటివారికి లేదు. ఆస్తి తగాదాలో సాక్ష్యంగానూ అవి పనికిరావు.

ఓటర్ల జాబితా సంగతి వేరు. దానిని నలుగురికీ తెలిసేలా ప్రకటించాలి. ‘ఈయన మా ఊరివాడు కాడు’ అని ఎవరైనా అభ్యంతరం చెప్పగలగాలి. స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. పదిహేడు కోట్లకు పైబడిన ఓటర్ల జాబితా సిద్ధమవుతున్నప్పుడు చాలాచోట్ల స్త్రీల పేర్లకు బదులు ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని రాసి ఉన్నట్లు తేలింది. అసలు పేర్లు రాయాలని కమిషను ఆదేశించింది. బీహారుకు గడువు పొడిగించింది. అయినా దేశంలోని దాదాపు ఎనిమిది కోట్ల స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు బయటికి రాలేదు. వాటిని జాబితానుంచి కొట్టివేశారు. వీరిలో దాదాపు అందరూ బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ రాష్ట్రాలవారు.

కమిషను కఠినంగా వ్యవహరించిందని అనిపించవచ్చు. కాని ‘ఫలానావారి భార్య’ అన్న ఓటును ఎవరు వేసినా అడిగేదెవరు? ఆయన పోతే ఆ ఓటు ఎవరిది? నియమం సరైనదే అంటాను. శిక్ష మాత్రం పడవలసినవారి మీద పడలేదు. వీధి అరుగు మీద కూర్చుని ‘మా ఆడవాళ్ళ పేర్లు మీకెందుకు’ అన్నది మగవాడైనా ఓటు పోయింది ఇంట్లో ఉన్న ఆమెకు. లోపలికి వెళ్ళి ఆమెనే అడిగి ఉంటే ఎంతమంది చెప్పేవారో! ఈ తొలగింపుపై రేగిన అలజడి ఒక విధంగా మంచిదేనని, వచ్చే ఎన్నికలనాటికి ఆ పట్టింపు సడలుతుందని సేన్ భావించారు.

సరిహద్దు జిల్లాలలో ఉన్న మనకు పేరుతోపాటు మాతృభాష గడి కూడా ముఖ్యం. అక్కడ మీరేం రాయించారో పొరుగువారికి తెలియదు. మొత్తం మాత్రం దేశానికంతా తెలుస్తుంది. 1951 లెక్కల ప్రకారం కోలారు జిల్లాలో సగానికి మించి తెలుగు మాట్లాడేవారే. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో ఆ అంకెను చూసింది. చూసి కూడా, ఇతర కారణాలను బట్టి, జిల్లాను కన్నడ రాష్ట్రంలోనే ఉంచమన్నది. అంకె ఒక్కటే సరిహద్దును గీయదు. అయితే మైనారిటీ భాషలో బడి కావాలన్నా, ప్రకటనలు కావాలన్నా అధికారులు మొదట చూసేది ఆ అంకెనే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, వచ్చిన ఉద్యోగి భాషకు మొహమాటపడి ‘ఏదో ఒకటి రాసుకోండి’ అనేవారు మనలో ఉన్నారు. పేరు చెప్పకపోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది గాని భాష చెప్పకపోవడానికి ఇవ్వలేదు.

ఓటర్ల జాబితా విషయంలో ఇంకొక చిక్కు ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. గంగమ్మ అని చెప్పినా, ఆ జాబితా చూసి మరొకరు తెలుగులోకి తిరిగి రాస్తే కంగమ్మ కావచ్చు. మన ఇంటిపేరు, అక్కడివారి తండ్రిపేరు పొడి అక్షరం కలగాపులగమైతే ఓటు వేసే చోట తడబాటు తప్పదు. ముసాయిదా జాబితా వెలువడిన రోజులలో ఇంట్లోని ఆడవారి పేర్లను వారిచేతనే చదివించి, తప్పుంటే 8వ నంబరు ఫారం నింపి ఇవ్వండి.