బ్రిస్టల్ శ్మశానంలో రాతి మంటపం

"శ్మశానం మీద ఎపిసోడ్ ఏంటి, ఇంకేమీ దొరకలేదా?" అన్నారు మా ఇంట్లో. ఎపిసోడ్ విన్నాక మీరే చెప్పండి.

బ్రిస్టల్‌లో ఆర్నోస్ వేల్ గేటు దాటి కొంచెం లోపలికి వెళ్తే, సిలువల మధ్యలో గుమ్మటంతో ఒక రాతి మంటపం కనిపిస్తుంది, అచ్చం మన దేశపు కట్టడంలా. సతీసహగమనం పాఠంలో మనందరం చదువుకున్న రాజా రామమోహన్ రాయ్ గారి సమాధి అది. మన కందుకూరి వీరేశలింగం గారు పట్టుకున్న బ్రహ్మసమాజపు దారి వేసింది ఈయనే కదా.

మొఘల్ చక్రవర్తి రెండో అక్బర్‌కి భరణం పెంచమని అడగడానికి ఆయన 1831లో ఇంగ్లండు వచ్చారు. ఆ 'రాజా' బిరుదు కూడా అక్బర్ ఇచ్చిందే. 1833 సెప్టెంబరు 27న, బ్రిస్టల్ శివారు స్టేపుల్టన్‌లో అతిథిగా ఉన్న ఇంట్లోనే పోయారు. దహనం చేద్దామంటే ఇక్కడ అప్పటికి ఆ ఏర్పాటే లేదు. వోకింగ్‌లో మొదటి అధికారిక దహనం జరిగింది 1885లో! క్రైస్తవుల శ్మశానంలో పెడితే కులం పోయిందని పిల్లల ఆస్తికి ఎసరొస్తుందేమోనని ఆయన భయం. అందుకని ఆ ఇంటి తోటలోనే, చెట్ల కింద, మౌనంగా పూడ్చారు. ఒంటి మీద జంధ్యం అలాగే ఉంది.

పదేళ్లకి రవీంద్రుడి తాత ద్వారకానాథ్ టాగోర్ పూనుకుని, 1843లో పేటికను ఆర్నోస్ వేల్‌కి మార్పించారు. మంటపం గీసింది విలియం ప్రిన్సెప్.

మరి ఇక్కడెలా కుదిరింది? చర్చి ఆవరణలు కిక్కిరిసిపోతున్న రోజుల్లో, 1837లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కంపెనీ 1839లో తెరిచిన శ్మశానమిది. ఆంగ్లికన్లకి ఒక చాపెల్, వేరే క్రైస్తవ శాఖల వాళ్లకి ఇంకొకటి. చర్చి సొంతం కాకపోవడమే కలిసొచ్చిందని నేననుకుంటాను.

కానీ ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. స్థలాలన్నీ అమ్ముడయ్యాక ఆదాయం ఆగిపోతుంది, 45 ఎకరాల్లో పిచ్చి చెట్లు మాత్రం ఆగవు. 1980ల్లో యజమాని కొంత భాగం చదును చేసి ఇళ్లు కడతామనేసరికి ఊరివాళ్లు అడ్డం తిరిగారు. 1998లో మూతబడితే వలంటీర్లే గేట్లు తీసి చూసుకున్నారు. చివరికి 2003లో నగర కౌన్సిల్ నిర్బంధంగా స్వాధీనం చేసుకుంది. ఇప్పుడక్కడ కేఫ్ ఉంది, పెళ్లిళ్లు కూడా చేస్తారు!

వెళ్తే మేరీ కార్పెంటర్ సమాధి కూడా వెతకండి. బ్రిస్టల్‌లో రాయ్ గారిని కలిసిన ఆ అమ్మాయే, ముప్ఫై మూడేళ్ల తర్వాత, 1866లో, ఆడపిల్లల చదువుల కోసమని ఇండియా బయల్దేరింది.