భయానికి వేసిన మార్కులు: ఆరు దశాబ్దాల సింహావలోకనం

1960లో లండన్ పత్రికలు ‘పీపింగ్ టామ్’ మీద దుమ్మెత్తిపోశాయి. ఆడవాళ్లను చంపుతూ వాళ్ల ముఖాల్లోని భయాన్ని కెమెరాకెక్కించే హంతకుడి కథ అది. దాంతో ‘ద రెడ్ షూస్’ వంటి చిత్రాలతో పేరు గడించిన మైఖేల్ పావెల్‌కు స్వదేశంలో అవకాశాలు అడుగంటాయి. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మార్టిన్ స్కోర్సేసి పూనుకున్నాకే ఆ చిత్రానికి దక్కాల్సిన గౌరవం దక్కింది. 1960లోనే హిచ్‌కాక్ ‘సైకో’ను విమర్శకులకు ముందుగా చూపించలేదు. న్యూయార్క్ టైమ్స్‌లో బోస్లీ క్రౌథర్ మొదట పెదవి విరిచి, ఏడాది చివర తన ఉత్తమ చిత్రాల జాబితాలో దాన్నే చేర్చాడు.

హారర్‌కు విడుదలనాడు పడ్డ మార్కులు ఇలా తారుమారైన సందర్భాలు చాలానే ఉన్నాయి. 1980 నాటి ‘ద షైనింగ్’కు దర్శకుడు కూబ్రిక్‌ను, చెత్త సినిమాలకిచ్చే ర్యాజీ అవార్డుల్లో చెత్త దర్శకుడిగా నామినేట్ చేశారు. 1982 జూన్‌లో ‘ఈ.టి.’ వచ్చిన రెండు వారాలకు వచ్చిన ‘ద థింగ్’ను విమర్శకులు చీదరించుకున్నారు. ఈనాడు హారర్ ప్రియులు వేసే జాబితాల్లో ఆ రెండూ తరచూ కనిపిస్తాయి.

అలాగని విమర్శ పనికిరానిదని నేననను. ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ గురించి 1969 జనవరిలో రోజర్ ఈబర్ట్ రాసింది చదివితే విమర్శకుడి అవసరం తెలుస్తుంది. మధ్యాహ్నం ఆటకు చిన్నపిల్లలు హాలు నిండా వచ్చారు. అమెరికాలో వయసును బట్టి ఇచ్చే రేటింగులు అమల్లోకి రాకముందే ఆ సినిమా తయారైంది. కేరింతలు కొడుతూ మొదలుపెట్టిన పిల్లలు చివరికి నోట మాట రాక కూర్చుండిపోవడం, ఏడవడం ఆయన రాశాడు. ఆ సినిమా ఎవరిని ఎలా భయపెడుతుందో తల్లిదండ్రులకు అంత సూటిగా ఏ నక్షత్రాల లెక్కా చెప్పలేదు.

1998లో సమీక్షలను పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ వచ్చింది. అందులోని శాతం ఎందరు విమర్శకులు మెచ్చారో చెబుతుందే గానీ ఎంతగా మెచ్చారో చెప్పదు. ‘హెరిడిటరీ’ (2018)ని విమర్శకుల్లో పదింట తొమ్మిదిమంది మెచ్చారు. తొలిరోజు ప్రేక్షకులను అడిగే సినిమాస్కోర్‌లో దానికి వచ్చింది మాత్రం నాసిరకం డి ప్లస్ గ్రేడే. ఉలిక్కిపడదామని వెళ్లినవాళ్లకు, నెమ్మదిగా కుళ్లబొడిచే కుటుంబ దుఃఖం ఎదురైంది. రెండు అంకెలూ నిజమే. వాటి మధ్య అంత దూరం కనిపిస్తే, అది ఏ జాతి భయమో సమీక్ష చదివి తెలుసుకోవాలి.

మన దేశంలోనూ తీర్పులు మారాయి: హిందీ హారర్ ‘తుంబాడ్’ 2018లో కన్నా 2024 రీరిలీజ్‌లోనే ఎక్కువ వసూలు చేసింది. తెలుగులో 1992 నాటి రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ని ఇప్పటికీ తలుచుకుంటారు. నా తీర్పు ఒక్కటే: హారర్‌ను అంకె చూసి ఎంచుకోవద్దు. మీ అభిరుచికి దగ్గరగా ఉన్న ఒక్క విమర్శకుణ్ని పట్టుకుని, ఆయన మాటలు చదవండి. పిల్లలతో వెళ్తుంటే మాత్రం ముందు సెన్సార్ సర్టిఫికెట్ చూడండి; 2024 నుంచి యూఏలో 7, 13, 16 ఏళ్ల విభజన అందుకే ఉంది.