బెత్తం పక్షాన లేని డర్క్‌హైమ్

బీఎడ్ గైడ్లలో విద్యా సామాజికశాస్త్రానికి ఒక వరస స్థిరపడిపోయింది. ఫ్రెంచ్ సామాజికవేత్త డర్క్‌హైమ్ క్రమశిక్షణ కావాలన్నాడు, మార్క్సిస్టులు బడిని వర్గ ఆధిపత్యానికి సాధనమన్నారు, ఆ తర్వాతివారు తరగతి గదిలోకి తొంగి చూశారు. పరీక్ష రాయడానికి ఈ వరస పనికొస్తుందేమో గానీ చరిత్రగా నిలవదు. డర్క్‌హైమ్‌ను దండనవాదుల జాబితాలో చేర్చడం మరీ అన్యాయం.

ఆయన 1902-03లో సోర్బాన్‌లో నైతిక విద్యపై ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1925లో పుస్తకంగా వచ్చాయి. నీతికి మొదటి అంగం క్రమశిక్షణేనని అందులో ఉన్న మాట నిజం. కానీ పిల్లల్ని కొట్టడం పూర్తిగా నిషేధించాలన్న మాటా అందులోనే ఉంది. శిక్ష భయపెట్టడానికి కాదు, తప్పు జరిగినా నియమం చెక్కుచెదరలేదని చూపడానికే అన్నాడాయన. వాడినకొద్దీ శిక్షకు బలం తగ్గుతుంది కాబట్టి పొదుపుగా వాడమన్నాడు. అంతకన్నా ముఖ్యం, బడిలో దెబ్బలు ఎందుకు పుడతాయన్న ప్రశ్న. మాస్టారి కోపిష్ఠితనంతో ఆయన సరిపెట్టుకోలేదు. జ్ఞానంలో, అధికారంలో చాలా ఎడమున్న రెండు వర్గాలు ఒకచోట చేరితే పైవాడు హింసకు దిగడం తేలికన్నాడు. వలస పాలకుల ప్రవర్తనను ఉదాహరణగా చూపాడు. దెబ్బలు ఆటవిక దశకు మిగులు కావని, బడితోపాటే పెరిగాయని ఆయన వాదన.

మన దగ్గర ఈ వాదనను పరీక్షించడానికి ఒక సాక్ష్యం ఉంది. వీధిబడుల్లో అంతా గురుప్రేమేననీ, బెత్తం ఇంగ్లీషు చదువులతో వచ్చిందనీ కొందరు నమ్ముతారు. మద్రాసు గవర్నర్ మన్రో అడిగిన వివరాలకు బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక అందుకు ఒప్పుకోదు. జిల్లాలో 533 బడులు, వాటిలో తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటే. పొద్దున్నే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఒక్కొక్కటీ ఎక్కువ. సోమరిని రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు. మన పెద్దలు కోదండం అన్నది దీన్నే. గుంజీలూ ఆ నివేదికలో ఉన్నాయి. రాసింది పరాయి అధికారి, అదీ ఒక్క జిల్లా గురించి. దీన్నిబట్టి ప్రతి పంతులూ క్రూరుడే అనలేం. అయితే బెత్తం మెకాలే ఇంగ్లీషు చదువులతో వచ్చింది కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

బడిలోని ఘర్షణ బెత్తంతోనే ఆగదు. అమెరికన్ సామాజికవేత్త విల్లర్డ్ వాలర్ 1932లో గురుశిష్యుల సంబంధంలోనే సంఘర్షణ ఉందన్నాడు. దాన్ని దగ్గరి నుంచి చూపినవాడు రే రిస్ట్. ఆయన చూసింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నల్లజాతి పిల్లల కిండర్‌గార్టెన్. టీచరమ్మా నల్లజాతి మహిళే. ఎనిమిదో రోజుకే పిల్లలు మూడు బల్లలకు విడిపోయారు. ఏ పరీక్షా పెట్టలేదు. శుభ్రమైన బట్టలు, ఇంటి పరిస్థితి, మాటతీరు చూసి కూర్చోబెట్టారు. దగ్గరి బల్లకు పాఠం, దూరపు బల్లలకు మందలింపులు. రెండో తరగతిదాకా ఆ ఎడం పోలేదు. 1970లో వచ్చిన ఈ అధ్యయనం ఒక్క బడిదే, నిజమే. అయినా అల్లరి పిల్లవాడిలోనే పుడుతుందన్న నమ్మకాన్ని అది కదిలించింది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. గొప్ప మేలే. కానీ మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టి, చివరి సెక్షన్ పిల్లల్ని అందరి ముందూ చిన్నబుచ్చడం మన కార్పొరేట్ బడుల్లో మామూలైంది. నా దృష్టిలో అదీ వేధింపే. దాన్ని గుర్తుపట్టే చూపు ఇవ్వని సిద్ధాంత పాఠం వ్యర్థం. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లే ప్రతి బీఎడ్ విద్యార్థితోనూ లెసన్ ప్లాన్‌తోపాటు, ముందు బెంచీలో ఎవరున్నారో, ప్రశ్నలు ఎవరికి వెళ్లాయో, ఎవరిని నిలబెట్టారో కూడా రాయించాలి. విశ్వవిద్యాలయాలు వచ్చే ఏడాది నుంచే ఈ పని మొదలుపెట్టాలి.