దవడకును కంటికిని గల పొత్తు

పైపన్ను తీయించినచో కంటిచూపు తగ్గునను భయము మన తెలుగునాట చిరకాలముగ నున్నది. పుచ్చిన పన్ను రాత్రులు నిద్ర పట్టనీయకున్నను, ఈ భయముచేత వైద్యుని కడకు పోక, లవంగనూనె అద్దుకొని దినములు గడుపువారిని మనమందఱమును ఎఱుగుదుము. దవడకును కంటికిని నిజముగ సంబంధ మున్నదా? వైద్యచరిత్ర చెప్పు సమాధానమును పరిశీలింతము.

సంబంధము లేకపోలేదు. మెదడునకు చెందిన పండ్రెండు జతల నాడులలో ఐదవది మూడు శాఖలుగ చీలును. మొదటిది కంటికిని నొసటికిని, రెండవది పైపండ్లకును, మూడవది క్రిందిపండ్లకును స్పర్శజ్ఞానము నిచ్చును. నమలు కండరములను కదల్చునదియు ఈ మూడవ శాఖయే. పంటిపోటు కంటివఱకు ప్రాకినట్లు తోచుట ఈ పొత్తువలననే. కాని చూపునకు రెండవ జత నాడియు, కన్ను త్రిప్పుటకు మూడవ, నాల్గవ, ఆఱవ జతలును వేఱుగ కలవు. పన్ను తీయు పనిముట్టు వీనిలో దేనిని తాకదు. మత్తుసూది వేసినపుడు మాత్రము, మిక్కిలి అరుదుగ, మందు కంటినాడులకు సోకి ఒకటి రెండుగ కనబడుట కలదు; మందు దిగిన పిమ్మట అది సాధారణముగ తొలగిపోవును.

1883లో లండనున మార్కస్ గన్ అను నేత్రవైద్యుడు పదునైదేండ్ల బాలికనుగూర్చి తోడివైద్యుల సభకు తెలిపెను. పుట్టుకతోనే ఆమె కనుఱెప్ప యొకటి వాలియుండెను. దవడ కదల్చినపుడు ఆ ఱెప్ప చటుక్కున పైకి లేచెడిది. దవడకు పోవలసిన నాడీతంతువులు కొన్ని దారితప్పి ఱెప్పను లేపు కండరమును చేరుటయే దీనికి కారణమని వైద్యులు వివరింతురు. శిశువు పాలు త్రాగునపుడు ఱెప్ప ఆడుట చూచి తల్లియే దీనిని మొదట గుర్తించుటయు కలదు.

1910లో విలియం హంటరు అను బ్రిటిషు వైద్యుడు మాంట్రియలు నగరమున ప్రసంగించుచు, నోటిలోని చీము దేహమందలి పెక్కు రోగములకు మూలమని చాటెను. అటుపై ఐరోపా, అమెరికాలలో కీళ్లనొప్పులకేగాక కంటివాపులకు సైతము పండ్లనే దోషులుగ నెంచి, మంచి పండ్లనుగూడ పెఱికివైచిరి. పండ్లు పోయినను పెక్కుమందికి వ్యాధి పోలేదు. 1940 ప్రాంతమునకు ఆ వాదము సన్నగిల్లెను. కంటిని కాపాడుటకై వారు మంచి పన్ను తీయించుకొనిరి. కంటికి భయపడి మనము చెడ్డపన్ను దాచుకొంటిమి!

పండ్ల పొందికకును కన్నుల కదలికకును సంబంధము కలదని కొందఱు పరిశోధకులు నేడును చెప్పుచున్నారు. రెండు లోపములును ఒక్కరియందే కనబడవచ్చును. ఒకటి రెండవదానికి కారణమని మాత్రము నిరూపితము కాలేదు. నిశ్చయముగ తెలిసిన దొకటి కలదు. చికిత్స లేక విడిచిన పైపంటి చీము, అరుదుగనైనను, కంటిగూటికి ప్రాకి చూపునకే ముప్పు తేగలదు. కావున కంటిపై ప్రీతి గలవారు పుచ్చిన పంటిని ఉపేక్షింపక, వేళకు వైద్యునికి చూపుట మేలని మేము తలంచుచున్నాము.