చల్లగాలికి మనమిచ్చిన వెల

ఉగాది పచ్చడిలోని వేపపువ్వు చేదు నాలుక మీద ఆరకముందే మన పేర్ణాంబట్టులో ఎండ గడప దాటి లోపలికి వస్తుంది. సముద్రం దూరం. చుట్టూ రాతి కొండలు. పాలారు పేరుకు నదియే గాని ఏడాదిలో చాలా భాగం ఇసుక. రాయవేలూరు, గుడియాత్తం, పేర్ణాంబట్టు, ఈ మూడూళ్ళ ఎండ తమిళనాడంతటా పేరుపడినదే. మనం రోహిణి కార్తెకు జడిసే జాతి. ఇక్కడి తమిళ సోదరులు 'కత్తిరి' అని మే మొదటి వారం నుండే రోజులు లెక్కపెడతారు. రెండు లెక్కలూ పాటించే మన ఇళ్ళలో వేసవి జూన్ నడుమ దాకా సాగుతుంది.

ఇప్పుడు నలుగురు తెలుగువారు కలిస్తే క్షేమ సమాచారాల తరువాత వచ్చే మాట ఒకటే: "మీకు ఈబీ బిల్లు ఎంత వచ్చింది?" ఏసీ కొనడం ఒకనాటి ఖర్చు. దానిని నడపడం తీరని ఖర్చు. ఈ ఖర్చు మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చినదో కొంచెం వెనుక నుండి చూడవలసి ఉన్నది.

చల్లదనానికి వెల ఏనాడూ లేకపోలేదు. దొరల కాలంలో బంగళాలలోను కచేరీలలోను పైకప్పుకు పెద్ద గుడ్డపంకా వ్రేలాడేది. గోడకు ఆవల కూర్చున్న మనిషి తాడు లాగేవాడు. గాలి దొరకు, చెమట వానికి. సామాన్య గృహస్థుకు తాటాకు విసనకఱ్ఱ, వట్టివేళ్ళ తడిక, మట్టికుండ ఉండేవి. వీటికి బిల్లు లేదన్నమాట నిజమే గాని, తడిక తడపడానికి బావి నుండి నీరు తోడినవారు మన తల్లులు, అమ్మమ్మలు. ఆ పద్దు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

1833లో బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికాలో గడ్డకట్టిన మంచును ఓడలో కలకత్తాకు పంపినాడు. మద్రాసు తీరాన ఆ మంచు నిలువచేయడానికి 1842లో కట్టినదే ఐస్ హౌస్. 1897లో వివేకానందస్వామి బస చేసిన భవనం అదే. మంచు వ్యాపారం పోయినది గాని మంచు కొలత మిగిలినది. 2000 పౌన్ల మంచు 24 గంటలలో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలో నుండి తోడివేయగల యంత్రం ఒక టన్ను ఏసీ. ఒకటిన్నర టన్ను అనగానే అది యంత్రం బరువనుకొని, మన గోడ ఓర్చునా అని అడిగినవారు మనలో ఉన్నారు!

ఆ యంత్రం పుట్టినదీ మనుషుల సుఖానికి కాదు. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు తప్పుతూ ఉంటే, దానిని చక్కదిద్దడానికి విలిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చేసిన ఏర్పాటు అది.

ఇక కరెంటు సంగతి. మద్రాసు రాజధానిలో పైకారా జలవిద్యుత్తు 1932లోను, మెట్టూరు 1937లోను వచ్చినవి. 1954లో గుడియాత్తం ఉపఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే పల్లెపల్లెకు తీగలు పరుచుకొన్నవి. 1957 జూలై 1న విద్యుత్ బోర్డు ఏర్పడినది. తీగ వెంట మొదట బల్బు, ఆ తరువాత ఫ్యాను. ఫ్యాను మంచి అతిథి. 75 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగినా అరయూనిట్ పైచిలుకే. ఒకటిన్నర టన్ను ఏసీ అదే ఎనిమిది గంటలలో సుమారు ఎనిమిది యూనిట్లు తింటుంది. ఒక్క ఏసీ పదమూడు ఫ్యాన్ల పెట్టు.

కరెంటు ధర మీద పోరాటం మనవారికి కొత్త కాదు. 1972లో కోయంబత్తూరులో నారాయణస్వామి నాయుడుగారి వెంట రైతులు ఎడ్లబండ్లు తోలుకొని వచ్చి వీధులు నింపినారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో ఛార్జీల పెంపును ఎదిరించిన ప్రదర్శనపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. అయితే ఏసీ బిల్లు కోసం ఎవరూ బండి కట్టరు. అది విలాసమని మనలోనే ఒక సిగ్గు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనవలసిన టానరీ కార్మికునికి, గుండె జబ్బు ఉన్న పెద్దవారికి, పురిటి బిడ్డకు అది విలాసమంటే మేము ఒప్పుకోము.

2008 నుండి 2013 దాకా తమిళనాడులో కోతల కాలం. చెన్నై వెలుపల రోజులో సగం కరెంటు లేని దినాలు మనకు గుర్తున్నవి. అప్పుడు మన డబ్బు ఇన్వర్టర్లకు, బ్యాటరీలకు పోయినది. కోతలు తగ్గిన తరువాతనే వాయిదాల మీద ఏసీలు మన వీధులలోకి దిగినవి. 2016 మే నెలలో ప్రతి ఇంటికి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమైనవి. దానితో ధైర్యం వచ్చినది. అద్దె ఇళ్ళలో ఉన్న మనవారిలో చాలమందికి ఆ ఉచితం కూడ చేరలేదు. ఇంటివారు యూనిట్ ఇంత అని తమ లెక్కే వేస్తారు.

2022 సెప్టెంబరు 10న ధరలు పెరిగినవి. ఈ లెక్కను గృహిణులు ఒకసారి కాగితం మీద వేసి చూడవలె. రెండు నెలలకు 500 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 100 ఉచితం, తరువాతి 100కు రూ. 2.25, ఆపైన 400 దాకా రూ. 4.50, 500 దాకా రూ. 6. 500 దాటితే 2.25 అనే దయ కూడ పోయి, 101 నుండే 4.50 పడేది. ఆపై యూనిట్లకు 8, 9, 10, 11 రూపాయలని మెట్లు. అనగా 500 యూనిట్లకు రూ. 1,725, ఒక్క యూనిట్ దాటి 501 అయితే రూ. 1,958. ఆ ఒక్క యూనిట్ వెల రూ. 233! అంతకుముందు ఈ గండి ఇంకా పెద్దది. 1,130 నుండి సుమారు 1,787కు ఎగిరేది.

ఆ రేట్ల మీద ఏసీ లేని ఇల్లు 300 యూనిట్లు వాడితే రూ. 675. అదే ఇంట రాత్రికి ఐదు గంటలు ఏసీ నడిస్తే ఇంకొక 300 చేరి, 600 యూనిట్లకు రూ. 2,750. వాడకం రెండింతలు, బిల్లు నాలుగింతలు. 2024 జూలై 1 నుండి రేట్లు నూటికి 4.83 చొప్పున మళ్ళీ పెరిగినవి. 2025 జూలై పెంపును గృహస్థుల వరకు ప్రభుత్వమే భరించినది. ఆ సెప్టెంబరు 22న ఏసీల మీద పన్ను 28 నుండి 18కి తగ్గినది. కొనడానికి చౌక, నడపడానికి ప్రియం.

రెండు నెలల లెక్క వలననే నష్టమని చాలమంది అంటారు. మెట్లు కూడ రెండు నెలలకే కొలిచినవి గనుక లెక్కలో నష్టం లేదు. ఒక నెల మండి ఒక నెల చల్లబడితే సగటు మనకే మేలు. నష్టమెక్కడనంటే, 500 దాటిన సంగతి దాటిన తరువాత గాని తెలియదు.

మేము ఇంకొక మాట అనుకొంటున్నాము. నిందంతా ధర మీద వేయడం సగం నిజం. పూర్వం ఇక్కడి ఇళ్ళకు మందపు మట్టిగోడలు, నాటు పెంకులు. కలిగినవారికి టేకు దూలాలు, ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు మిద్దె. వానిని తీసివేసి మనం కాంక్రీటు స్లాబు పోసుకొన్నాము. అది గట్టిదే, వానకు కారదు. పగలంతా ఎండను త్రాగి రాత్రి పదింటికి మన మీద కక్కుతుంది. ఏసీ ఆ రాత్రి తోడేది బయటి గాలి వేడి కంటే నెత్తిమీది స్లాబు వేడినే. ఇంటి కప్పుకు ఒకసారి, దాని వేడి తోడడానికి ఏటేటా, రెండు విధాల చెల్లిస్తున్నాము. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ఒకటి ప్రకటించినది. అందులో ఉన్నది మన తాతలకు తెలిసిన సూత్రమే: కప్పు తెల్లగా ఉంటే ఎండ తిరిగిపోతుంది. ఫాల్గుణంలోనే మిద్దె మీద సున్నం రెండు పూతలు వేయించిన ఇళ్ళు మన వీధిలో ఇప్పటికే కొన్ని ఉన్నవి.

2020 జనవరి నుండి కొత్త ఏసీలు 24 డిగ్రీల మీదనే మొదలు కావలెనని కేంద్రం నియమం పెట్టినది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే నూటికి ఆరు వంతుల కరెంటు మిగులుతుందని వారి లెక్క. మన పిల్లలు దానిని వెంటనే 18కి దించుతారు, తరువాత దుప్పటి కప్పుకొంటారు. 26 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పితే నిద్రకు లోటు రాదు.

మీటరు చూచే మనిషి వచ్చిన తేదీని క్యాలెండరు మీద గుర్తుపెట్టి, ముప్పయ్యవ రోజున మనమే వెళ్ళి అంకె చూచుకొనవలె. 250 దాటి ఉంటే, మిగిలిన నెల ఏసీకి ఎన్ని గంటలో ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ కూర్చొని తేల్చుకొనవచ్చును.